తోడు వచ్చినావిడ

ఎప్పుడూ చేతిలో గొడుగుతో వచ్చే ఆవిడ, నర్సు పెట్టిన పేరు గొడుగావిడ, ఆ రోజు కూడా ఒకామెను వెంటబెట్టుకుని ఆడవాళ్ల క్లినిక్‌కి వచ్చింది.

నెలలో ఇది నాలుగోసారి. ప్రతిసారీ కొత్త మనిషే. ముందొచ్చిన ముగ్గురికీ ఒకటే జబ్బు.

నర్సుకి ఒళ్లు మండింది.

"వీళ్లంతా నీకేమవుతారు?"

"ఏమీ కారు సిస్టర్."

"ఏమీ కానివాళ్ల చెయ్యి పట్టుకుని సుఖవ్యాధుల గదికి ఎవరైనా తీసుకొస్తారా? నువ్వు చేసే వ్యాపారమేంటో నాకు తెలీదనుకోకు. బయటికి నడు."

గొడుగావిడ మొహం పాలిపోయింది. కానీ కదల్లేదు.

"తిట్లు తర్వాత తింటాను. ముందు ఈమె రక్తం చూడండి. ఐదో నెల."

ఆ గర్భిణి విసుక్కుంది. "నాకు పుండు లేదు, నొప్పి లేదు. వద్దంటున్నా లాక్కొచ్చింది."

"పైకి ఏమీ కనపడదమ్మా. లోపల బిడ్డ మీదికొస్తుంది. చూపించుకో. నువ్వు చూపించుకునేదాకా నేనీ మెట్లు దిగను."

అని, బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

నర్సు గర్భిణి వేలికి సూది గుచ్చి రక్తపు చుక్క తీసింది. పావుగంటలో పరీక్ష పట్టీ మీద రెండో గీత తేలింది. సిఫిలిస్.

డాక్టరమ్మ పెన్సిలిన్ ఇంజెక్షన్ రాసింది.

"మంచి సమయానికి వచ్చావు, బిడ్డ దక్కుతుంది. ఎవరివల్ల వచ్చిందో ఆ మనిషికీ వైద్యం చెయ్యాలి. ఎవరతను?"

ఆమె తల వంచుకుంది. ముందొచ్చిన ముగ్గురూ అంతే. ఆ ప్రశ్న వేస్తే నోటికి తాళం.

నర్సు బయటికి రాగానే గొడుగావిడ లేచి నిలబడింది.

"ఇంజెక్షన్ వేశారా సిస్టర్?"

"వేశాం. ఇంకోసారి ఈ గుమ్మం తొక్కావంటే పోలీసులకి చెప్తాను."

"ఇక తొక్కే పని లేదులెండి" అని ఆవిడ వెళ్లిపోయింది.

పీడా విరగడైందనుకుంది నర్సు.

వారం తిరగకుండా ఒక లారీ డ్రైవరు వచ్చి గుమ్మం బయటే తచ్చాడుతూ కనపడ్డాడు.

"ఇది ఆడవాళ్ల క్లినిక్ బాబూ."

"తెలుసమ్మా. ఇక్కడ అడిగితే మగాళ్లకెక్కడ వేస్తారో చెప్తారని మా ఆవిడ పంపింది. సిఫిలిస్ సూది."

"ఆవిడ్నీ తీసుకురా. ఇద్దరికీ చూడాలి."

అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు.

"తను ముందే వేరే ఊళ్లో వేయించుకుందమ్మా, ఆ తర్వాత నేను తిరిగిన ఇళ్లన్నీ వెతుక్కుంటూ వెళ్లి, కాళ్లావేళ్లా పడి ఆ నలుగురినీ మీ దగ్గరికి చేర్చి, 'ఇక మిగిలింది నువ్వొక్కడివే' అని చెప్పి నిన్న ఇల్లు వదిలి వెళ్లిపోయింది."