పసుపు పట్టిన నంబర్లు

“ఇంజన్ పక్కన కూడా బొట్లు పెట్టేశావా తల్లీ!”

గరాజ్‌లో బానెట్ ఎత్తి చూసి రాకేష్ పకపకా నవ్వాడు.

“బండి కొన్నాక పూజ చెయ్యకుండా ఎలా తిప్పుతామండీ? కనబడ్డ రేకులన్నిటికీ పసుపు రాశాను,” అంది రష్మి, ఎనిమిది నెలల ధృవ్‌ని చంకలో సర్దుకుంటూ.

అమెరికాలో, క్యారీ ఊళ్లో వాళ్లింటికి పెద్ద ఇంజన్ ఉన్న ఆ ఎర్ర మజిల్ కారు వచ్చి మూడు వారాలైంది. పంతొమ్మిది వందల డెబ్బై నాటిది. వచ్చిన రోజు నుంచీ రష్మికి ఒకటే గుబులు. నాలుగేళ్ల రియా ఆ కారు వెనక సీటు వదలడం లేదు. ఒంటి మీది నీలం గౌను మార్చనివ్వదు. పిలిస్తే, ఇక్కడి పిల్లలందరిలాగే ఇంగ్లీషులో “వన్ మినిట్, మామీ” అంటుంది. బిస్కెట్లిస్తే తినదు, సీటు మీద వరసగా పేరుస్తుంది. రాకేష్‌కా, కారు తప్ప ఇంకేదీ కంటికి ఆనదు. చెప్పబోతే ‘నీవన్నీ భయాలే’ అని కొట్టిపారేస్తాడని రష్మి లోలోపలే మింగేసింది.

“రష్మీ, ఇటు చూడు!” రాకేష్ గొంతు మారింది. “ఈ రేకు మీద మందంగా పెయింట్ కొట్టేశారు. ఇన్నాళ్లూ ఒక్క అక్షరం కనబడలేదు. నీ పసుపు గాట్లలోకి దిగి అన్నీ పైకి తేలాయి!”

“ఏముంది అందులో?”

“కారు జాతకం. ఫ్యాక్టరీలోనే అచ్చుగుద్దేస్తారు. కింది వరస నుంచి పైకి చదవాలి. ఇది ఇంజన్, ఇది గేర్‌బాక్స్... కారు మొదటి రంగు, ఎఫ్ జే ఫైవ్. ఆగు, ఫోన్‌లో చూస్తా.”

వెనక అద్దానికి ముక్కు ఆనించి రియా అంది, “గ్రీన్.”

“పచ్చ,” అంది రష్మి.

రాకేష్ ఫోన్‌లోంచి తలెత్తాడు. “కరెక్ట్. చిలకపచ్చ. నీకెలా తెలుసు?”

ఆమె నోరు విప్పేలోపే ధృవ్ గుక్కపట్టి ఏడ్చాడు.

“ఇంకో తిరకాసుంది,” అన్నాడు రాకేష్. “ముందద్దం కింద నంబరు వేరు, దీని మీద నంబరు వేరు. ఎవరో అక్కడి ప్లేట్ మార్చేశారు. ఓనర్స్ క్లబ్‌కి మెసేజ్ పెడతా, వాళ్ల దగ్గర రికార్డులుంటాయి.”

“ఈ కారు మనకొద్దండీ. ఇచ్చేయండి. పసిపిల్లలున్న ఇల్లు...”

“నిద్ర లేక ఇలా అయిపోతున్నావ్. వాణ్ణి ఇటివ్వు. వెళ్లి కాసేపు పడుకో.”

రష్మి ధృవ్‌ని ఇచ్చింది గానీ కదల్లేదు. పావుగంటకి ఫోన్ మోగింది. “యెస్... యెస్...” అంటూ విని రాకేష్ ఫోన్ పెట్టేశాడు.

“దొంగిలించిన కారట. యాభై ఏళ్ల కిందట. ఒకావిడ షాపు ముందు ఆపి, పాలు కొనడానికి లోపలికెళ్లిందట. బయటికొచ్చేసరికి కారు లేదు.”

“అంతేనా?”

“వెనక సీట్లో నాలుగేళ్ల కూతురు నిద్రపోతోందట. ఆ పిల్ల మళ్లీ దొరకలేదు.”

రష్మి ఒక్క ఉరుకున వెళ్లి తలుపు లాగింది. ముందు సీటు మడిచి లోపలికి వంగింది.

“దిగు రియా! నీకు దండం పెడతా తల్లీ, దిగు!”

రియా బిస్కెట్ల వరస దాటి రెండు చేతులూ చాచింది. ఒళ్లు మంచులా ఉంది. రష్మి ఆ పిల్లను గుండెకు అదుముకుని ఇంటి తలుపు వైపు తిరిగింది.

“మీ కారు మీరే ఉంచుకోండి. రియాని నేను లోపలికి తీసుకెళ్తున్నా!”

ధృవ్‌ని గట్టిగా పట్టుకుని రాకేష్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“రియా ఎవరు?”