ఐదింటికి చీకటి

"కరెంటు స్టేషన్ ఆగిన మరుక్షణం మన వీధి చీకటైపోతుంది. కాకపోతే కాలింగ్‌వుడ్ జెర్సీ తొడుక్కుని ఊరంతా తిరుగుతా!"

క్లారీ ఈ పందెం కాశాడు, పక్కింటి నోలాతో, పబ్బులో, అందరి ముందూ. బుద్ధెరిగినప్పటి నుంచీ అతను రిచ్‌మండ్ ఫుట్‌బాల్ జట్టు మనిషి. బద్ధశత్రువులైన కాలింగ్‌వుడ్ వాళ్ళ నలుపు తెలుపు చారల జెర్సీని ఇల్లు తుడవడానికి కూడా గుమ్మం దాటనివ్వడు. నోలా ఓడితే ఏడాది పాటు ప్రతి ఆదివారం అతనికి మాంసం రోస్టు వండిపెట్టాలి.

ఆ బొగ్గు స్టేషన్‌లో మొదటి బాయిలర్ వెలిగించిన చెయ్యి క్లారీదే. రిటైరై ఏళ్ళు గడిచినా స్టేషన్ టోపీ నెత్తి మీద నుంచి దిగలేదు. ఇప్పుడు దాన్ని మూసేస్తున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి అని ప్రకటించారు.

నోలా ఇంటి కప్పు నిండా సోలార్ పలకలు. అందుకని కంచె దగ్గర ఇద్దరికీ రోజూ యుద్ధమే.

"జూన్ చలికాలపు పొగమంచులో నీ పలకలు ఏమిస్తాయమ్మాయ్? ఒక్క బ్రెడ్డు ముక్కైనా కాలుతుందా?"

"నీ బొగ్గు వేడిలో మూడింట రెండు వంతులు గాల్లోకే కదా పోయింది! ఇన్నేళ్ళూ కాకులకి చలిమంట వేశావు."

"వేడి ఎక్కడికీ పోదు. చేతులు మారుతుందంతే. సూత్రం తెలుసుకుని మాట్లాడు."

ఇదివరకైతే అలా అని తనే ముందు నవ్వేవాడు. మూసివేత ఖాయమయ్యాక నవ్వు పోయింది, తిండీ తగ్గింది. ఓ రోజు కంచె పట్టుకుని, "మేం లేకపోయినా దీపాలు వెలుగుతాయంటే, ఇన్నాళ్ళూ మేం చేసిందేమిటి నోలా?" అన్నాడు.

పందెం తనదేనని నోలాకు తెలుసు. కరెంటు ఇప్పుడు నాలుగు దిక్కుల నుంచీ వస్తోంది. ఒక్క స్టేషన్ ఆగితే ఒక్క బల్బు కూడా మిణుకుమనదు. కానీ ఆ ముసలాయన మొహం చూశాక ఆమెకు గెలవాలని లేదు.

శుక్రవారం తెల్లారినప్పటి నుంచీ ఒకటే పొగమంచు. స్టేషన్ చిమ్నీలు సరే, వీధి చివర కూడా కనబడటం లేదు. నోలా ఇల్లిల్లూ తిరిగింది.

"ఐదవగానే మెయిన్ స్విచ్చి ఆపెయ్యండి. పది నిమిషాలు చాలు. క్లారీ కోసం."

వీధి దీపం సంగతి ఎవరూ చూడక్కర్లేకపోయింది. అది మాడిపోయి ఏడాదైంది. కౌన్సిల్ వాళ్ళ బద్ధకం మొదటిసారి ఊరికి పనికొచ్చింది.

మాల్టా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సల్వూ ఒక్కడే గొణిగాడు. "స్టవ్ మీద కుందేలు కూర పెట్టాను!"

"కుందేలు ఎలాగూ చచ్చింది సల్వూ. క్లారీ బతికున్నాడు."

సల్వూ తలూపి ఒప్పుకున్నాడు. పైగా క్లారీ ఇంటి బాధ్యత కూడా అతని మీదే పడింది. మీటరు పెట్టె బయటి గోడకే ఉంది. చాటుగా వెళ్ళి దాన్ని ఆపి, పరుగున వచ్చి తన ఇంట్లో ఆపాలి.

ఐదు కావస్తుండగా నోలా వెళ్ళి క్లారీ పక్కన వరండాలో కూర్చుంది. అతని తల మీద టోపీ లేదు. పాపం, దుఃఖంలో దాన్ని కూడా పెట్టుకోలేదనుకుంది. కాళ్ళ దగ్గర పెట్టె నిండా కొవ్వొత్తులు.

"వీధి మొత్తానికీ కొన్నా. చీకట్లో మీరెవరూ భయపడకూడదుగా," అన్నాడు. తర్వాత గడియారం చూసి, "ఐదు," అన్నాడు.

ఎదురిల్లు ఆరింది. దాని పక్కిల్లు ఆరింది. నోలా భర్త పుణ్యమా అని వాళ్ళిల్లూ ఆరింది. క్లారీ నెత్తి మీది బల్బు పోయింది. సల్వూ ఇల్లు మాత్రం పెళ్ళివారిల్లులా వెలుగుతోంది. తడి గడ్డిలో ఎవరో జారిపడ్డ చప్పుడు, వెంటనే మాల్టా భాషలో ఓ తిట్టు. కాసేపటికి అదీ ఆరింది.

"సల్వూ ఇంటి కరెంటు కూడా వాడిలాగే. ఎక్కడికీ టైముకి పోదు," అన్నాడు క్లారీ.

అని చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నోలా కళ్ళు తడయ్యాయి. అతని వీపు నిమిరింది. "నువ్వే గెలిచావు క్లారీ."

జనం ఒక్కొక్కరే వరండాకి చేరారు. క్లారీ తన కొవ్వొత్తి నుంచి అందరివీ వెలిగించాడు. సల్వూ కుంటుకుంటూ కుందేలు కూర గిన్నెతో వచ్చాడు. పది నిమిషాలయ్యాక ఒక్కొక్కరూ ఏదో సాకు చెప్పి ఇంటికెళ్ళారు. వెళ్ళిన వాళ్ళ ఇల్లల్లా వెలిగింది. ఏం అబద్ధం చెప్పాలా అని నోలా తడుముకుంటుంటే క్లారీయే అందించాడు.

"సముద్రం అవతల టాస్మానియా నుంచి కరెంటు లాగి ఉంటారు. అయినా చీకటైతే అయిందిగా. ఆదివారం బంగాళాదుంపలు బాగా వేయించు."

ప్లేట్ల కోసం అతను లోపలికి వెళ్ళాడు. అప్పుడే గేటు ముందు స్టేషన్ బండి ఆగింది. కంట్రోల్ రూములో పనిచేసే బ్రెట్ దిగాడు. చేతిలో క్లారీ టోపీ.

"ఇది ఆయనకిచ్చెయ్యి నోలా," అన్నాడు, "పొద్దున పదింటికే బొగ్గు అయిపోయి ఆఖరి జనరేటరు ఆపాల్సొస్తే, క్లారీనే పిలిచి ఆయన చేత్తోనే ఆపించాం, వెళ్తూ దీన్ని అక్కడే మర్చిపోయాడు."