దూది పెట్టిన చొక్కాలు

"లోపల చీము పట్టింది. ఛాతీలో పెట్టించుకున్న సిలికాన్ దిమ్మలు రెండూ ఇప్పుడే తీసెయ్యాలి," అంటూ డాక్టరు ఆపరేషన్ గదిలోకి వెళ్ళాడు.

స్ట్రెచర్ మీద కొడుకు ఒళ్ళు పెనంలా కాలుతోంది. దర్జీ పని చేసే తండ్రి, వాడి చెయ్యి వదల్లేదు.

"ఛాతీ పెంచుకోడానికి కోయించుకోవడమేంట్రా, ఇదేం పోయేకాలం? నీ ఛాతీ బాగాలేదన్న వెధవెవడు? పేరు చెప్పు, వాడి చేతులు విరగ్గొడతా."

"చిన్నప్పట్నుంచీ నా చొక్కాలన్నిటికీ ఛాతీ దగ్గర లోపల దూది పెట్టి కుట్టావు. అన్నయ్య చొక్కాలకి ఎప్పుడూ పెట్టలేదు."

"నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని కదరా..."

నర్సు స్ట్రెచర్ తోసింది. సూదిపోట్లతో గరుకెక్కిన తండ్రి వేళ్ళు జారిపోయాయి.

"ఎవరూ నవ్వలేదు. నా ఛాతీలో లోటుందని నాకు చెప్పింది నువ్వొక్కడివే, నాన్నా."