యాపిరి తిట్లు

"ఒరే చేపలోడా, ఆ మూడో మెట్టు నా నడుములాగే విరిగి ఉంది. దానిమీద కాలేసి నా నిచ్చెన పాడు చేశావో, చూడు" అని యాపిరి కింద నుంచి అరిచింది.

డెబ్బయ్యేళ్ల లాసినే మూడోది వదిలేసి నాలుగో మెట్టుమీద కాలు పెట్టాడు. పొద్దున్నే ఆవిడ అతణ్ణి ఇంటి దగ్గర్నుంచి చొక్కా పట్టుకుని, దొంగను లాక్కొచ్చినట్టు లాక్కొచ్చింది. మాలి దేశపు జెన్నె ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. అతను చేపలు పట్టే బోజో, ఆవిడ ఉల్లి పండించే డోగోన్. ఈ రెండు జాతులకీ తరాల నాటి వేళాకోళం వరస. ఎంత తిట్టుకున్నా కోపం తెచ్చుకోకూడదు.

అయినా ఇవాళ ఆ నోటికి కాస్త విరామం ఇస్తే బాగుండేది. వానలకు ముందు గోడలకు మట్టి మెత్తే రోజులవి. ముసలాడికి పని చేతకావడం లేదని ఎవరో చేరవేయడంతో, మేస్త్రీల సంఘం పెద్ద సీడీ వచ్చి చేతులు కట్టుకుని వీధిలో నిలబడ్డాడు. యాపిరిది తాతల నాటి నుంచి లాసినే వంశమే మెత్తుతున్న ఇల్లు, ఇంకొకరు చెయ్యి వేయకూడదు. ఇవాళ పనిలో తేడా వస్తే మాత్రం సంఘం దాన్ని వేరే మేస్త్రీకి ఇచ్చేస్తుంది. లాసినేకి మిగిలింది ఆ ఒక్క ఇల్లే.

ఊక కలిపి మగ్గబెట్టిన మట్టిని లాసినే అరచేత్తో గోడకు పట్టిస్తున్నాడు.

"ఎడంపక్క మీ తాత వచ్చి మెత్తుతాడా? జానెడు పైన పగులు నోరు తెరుచుకుని ఉంది" అంది యాపిరి.

"ఉల్లిపాయలమ్మా, నీ నోటికన్నా చిన్నదేలే" అంటూ లాసినే చెయ్యి చాపి పగులు పూడ్చాడు.

పక్కింటి నానా ఉండబట్టలేక, పెద్దాయన్ని పని చేసుకోనివ్వమని బతిమాలింది. యాపిరి వింటేగా. గోడలోంచి పొడుచుకొచ్చిన తాటి దూలం దగ్గర తల వంచమనీ, కుడివైపు అంచు వదిలేశాడనీ మధ్యాహ్నం దాకా గొంతు పోయేలా తిట్టింది. పాపం, లాసినేని చూసి అందరికీ జాలేసింది.

సీడీ గోడంతా పరకాయించి చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. ఈ ఇంటి పని ఇకముందూ నీదేనని లాసినేకి చెప్పి వెళ్లిపోయాడు.

యాపిరి వీధి తలుపు మూసి, సజ్జ సంకటి గిన్నె తెచ్చి లాసినే చేతుల్లో పెట్టింది. అతను చల్లగా నవ్వాడు.

"వచ్చే ఏడు కాస్త నిదానంగా తిట్టు తల్లీ. చూపు లేనివాణ్ణి, నీ వేగం అందుకోలేకపోతున్నా."