తొలి కదలిక

బొబ్బిలి వీధుల్లోకి ఆపరేషన్ బండి కూరగాయల బండిలాగే వచ్చిపోయే రోజులవి. అయినా ఆ ఉదయం అది తమ గుమ్మం ముందు ఆగేసరికి పైడితల్లి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. కోడలు హైమకు అయిదో నెల. పెళ్లయిన తొమ్మిదేళ్లకు నిలిచిన కడుపు. నిన్నటి నుంచి పొట్టలో నొప్పి. అపెండిక్స్ వాచిందనీ, ఆలస్యం చేస్తే ఇద్దరికీ ముప్పేననీ డాక్టర్ సుభాషిణి చెప్పింది.

“మత్తు బిడ్డకి తగిల్తే ఏటవుద్దమ్మా?” అని అడిగింది పైడితల్లి.

“మత్తు ఇవ్వం మామ్మగారూ. ఈ పట్టీ నొప్పినొక్కదాన్నే ఆపుతుంది. తక్కినవన్నీ ఆమెకు తెలుస్తూనే ఉంటాయి.”

మణికట్టుకు పట్టీ చుట్టగానే హైమ నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. బండిలో అత్త చెయ్యి పట్టుకుని మెలకువగానే పడుకుంది. పనిముట్లు కదలడం తెలుస్తోంది. బిడ్డ గుండె చప్పుడు బండంతా వినిపిస్తోంది.

ఉన్నట్టుండి హైమ ఊపిరి బిగబట్టింది. సుభాషిణి చేతులు ఆపేసి, “నొప్పా?” అంది.

“కాదండీ. లోపల్నించి ఎవరో తట్టారు.”

ఆ కదలిక కోసం ఇంటిల్లిపాదీ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నారు. సుభాషిణి నవ్వుతూ కుట్లు పూర్తిచేసింది.

ఆపరేషన్ ఎలా అయిందని వీధివాళ్లు అడిగితే పైడితల్లికి అది చెప్పడమే గుర్తురాలేదు.

“మా బిడ్డ కదిలిందర్రా” అంటూ ఇల్లిల్లూ తిరిగింది.