బండి లేని మనిషి

"అద్దం ఏ బండికి అన్నా?"

దుకాణంలోకి వచ్చినాయన్ని ఊర్మిళ అడిగింది.

యాభై దాటిన మనిషి. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. దుకాణం మూడు మెట్లెక్కినందుకే ఆయాసపడుతున్నాడు. హెల్మెట్ల వరుస పైన, గోడకున్న ఊర్మిళ భర్త సాయికుమార్ ఫొటో వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏదో ఒకటి ఇయ్యి చెల్లె."

"ఏదో ఒకటంటే ఎట్ల? ఒక్కో బండికి ఒక్కో తీరుంటది."

"అయితే... గదే ఇయ్యి" అని ఎదురుగా వేలాడుతున్నదాన్ని చూపించాడు.

అద్దం కాగితంలో చుట్టి ఇచ్చింది. తీసుకున్నాక కూడా ఆయన కదల్లేదు. ఏదో చెప్పబోయాడు. అంతలో సీటు కవర్ల కోసం ఇద్దరు లోపలికొచ్చారు.

"పోయొస్త చెల్లె" అని దిగిపోయాడు.

బతుకుదెరువుకు వలసొచ్చిన డిండోలిలో ఆ దుకాణం పెట్టింది సాయికుమార్. పదేళ్లు సాంచాల మీద బట్ట నేసి, ఆ చప్పుడు పడలేక బయటికొచ్చి బండ్ల సామాను అమ్మడం మొదలుపెట్టాడు. లెగ్ గార్డు బిగించాలన్నా, హ్యాండిల్ మార్చాలన్నా దూరాన ఉన్న జోల్వా నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు.

ఏప్రిల్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు దవాఖానలో చేరాడు. ఊర్మిళను గేటు దాటనివ్వలేదు.

ఆరో రోజు ఫోన్ చేసి "ఊర్మిళా" అన్నాడు. దగ్గు తెర కమ్మింది. ఫోన్ కట్టయింది.

మర్నాడు మూట కట్టిన దేహాన్ని దూరం నుంచి చూపించారు.

తన పేరు తర్వాత ఏం చెప్పబోయాడు?

నర్సులను అడిగింది. వాచ్‌మన్‌ను అడిగింది. శవాల బండి నడిపినవాణ్నీ అడిగింది. అంతమందిలో ఎవరేమన్నారో ఎవరికి గుర్తుంటుందన్నారు.

అన్నం కలుపుకుంటున్నా, నట్టు బిగిస్తున్నా ఆమె మనసు అక్కడే తిరిగేది. పిల్ల చదువు గురించా? దుకాణం గురించా? లేక దాహమవుతోందనా? ఏదైనా సరే. అతను అన్నదేదో ఒక్కసారి తన చెవిన పడితే చాలు.

వారం తిరక్కముందే ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి గ్లౌజులు కొన్నాడు. చేతికి తొడుక్కొని చూసుకోమన్నా చూసుకోలేదు.

"నీకు... తోడు ఎవలన్న ఉన్నరా చెల్లె?"

ఆ ప్రశ్న ఊర్మిళకు నచ్చలేదు. ఒంటరిదని తెలిసి ఊరికే వచ్చి కూర్చునే మగవాళ్లను ఈ నాలుగు నెలల్లో చాలామందిని చూసింది.

"ఉన్నరు. శానమంది ఉన్నరు" అంది ముఖం తిప్పుకొని.

ఆయన వెళ్లాక, ఎదురుగా టీ అమ్మే దినేశ్ నవ్వాడు.

"భాభీ, ఆ ముసలి కాకాకి బండే లేదు. ఆటోలో వస్తడు, ఆటోలో పోతడు."

ఊర్మిళ ఒళ్లు మండింది.

మూడోసారి వర్షంలో తడుస్తూ వచ్చాడు. దుకాణంలో ముగ్గురు నలుగురు ఉన్నారు.

"ఇయ్యాల ఏం గావాలె?"

"ఏం వద్దు చెల్లె. మీ ఆయన ముచ్చట..."

"మా ఆయన ముచ్చట నీకెందుకు?" ఊర్మిళ గొంతు ఒక్కసారిగా లేచింది. "బండి గిండి లేదు. అద్దాలు కొంటవు, గ్లౌజులు కొంటవు. ఒక్కదాన్నే ఉన్ననని మల్లమల్ల వస్తున్నవా? ఇంకోసారి ఈ మెట్టెక్కితే మంచిగుండదు!"

అందరూ ఆయనవైపు తిరిగారు.

ఆయన నోరు తెరిచాడు. ఊపిరి అందలేదు. గోడ పట్టుకొని నిలదొక్కుకున్నాడు. ఎంత పెనుగులాడినా మాట రాలేదు.

చివరికి చేతులు జోడించి, ఒక్కో మెట్టూ దిగి, వర్షంలోకి వెళ్లిపోయాడు.

అంతగా అనకుండా ఉండాల్సిందని సాయంత్రానికి ఊర్మిళకే అనిపించింది. తర్వాత ఎప్పుడైనా దుకాణం ముందు ఆటో ఆగితే తలెత్తి చూసేది.

ఆయన రాలేదు.

దసరా వెళ్లాక ఒక ఆడమనిషి వచ్చింది. నుదుట బొట్టు లేదు.

"నా పేరు గంగవ్వ బిడ్డా. బుచ్చిరాములు పెండ్లాన్ని. నీ కాడ అద్దం కొన్నడు సూడు, గాయన."

ఊర్మిళ చేతిలోని పాన కింద పెట్టింది.

"ఆయన పోయి పన్నెండు దినాలాయె. కరోనా తగ్గింది గని, ఊపిరి మళ్ల మంచిగ కాలే."

ఊర్మిళ స్టూలు జరిపింది. గంగవ్వ కూర్చోలేదు.

"ఆఖరి దినం దాకా ఒకటే రంది. దుకాణం చెల్లెకు జెప్పాలె, జెప్పాలె అనుడే. జెప్తనని పోతడు, నీ మొఖం జూసి నోరు రాక ఏదో ఒకటి కొనుక్కొని వస్తడు. కడసారి పోయొచ్చినంక ఏం అడిగినా పలకలే. చెప్పిండా బిడ్డా నీకు?"

ఆయన ఏం చెప్పాలనుకున్నాడో ఊర్మిళకు తెలియదు. నలుగురిలో అవమానించి తరిమేశానని ఈమెతో ఎలా అనడం?

"చెప్పిండమ్మా" అంది, తల దించుకొని.

గంగవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది.

"బతికించినవు బిడ్డా. ఇగ ఆయన ఆత్మ సల్లగుంటది."

మెట్లు దిగబోతూ ఆగి వెనక్కి తిరిగింది.

"నేనెంత అడిగినా నాకు జెప్పలే. అది ఆమె మాట, ఆమెకే అప్పజెప్పాలె అన్నడు. దవాఖానల మీ ఆయన పక్క మంచం మాదే గద బిడ్డా, పానం పోయేటప్పుడు చెయ్యి వట్టుకొని, నోటికాడ చెవు వెట్టి ఆ ఆఖరి మాట ఇన్నది మా ఆయన ఒక్కడే."