చుక్కకిచ్చిన నాలుగాకులు

అడవి బడిలో ముళ్లపంది పంతులమ్మ టేకాకుల మీద ముల్లుతో పొడిచి పాఠాలు రాసేది. పులి జాడ పాఠం అందరికీ ఒక్క ఆకులో ఇచ్చింది. చదవడానికి తడబడే దుప్పి పిల్ల చుక్కకు మాత్రం నాలుగాకులిచ్చింది. పెద్ద అక్షరాలు, వరుసల మధ్య బోలెడు ఖాళీ.

తల్లి దుప్పికి కడుపు మండింది. "నా పిల్ల మొద్దనుకుని పాఠంలో సగం మింగేసింది! సగం పాఠం చదివిన దుప్పి పులికి నిండు భోజనం."

పోల్చి చూద్దామంటే, చిన్నప్పటి నుంచీ బడి ఆకు చూస్తే ఆమెకు అక్షరాలు చీమల్లా పాకినట్టే ఉండేది. అందుకే కుందేలు పిల్లను పిలిచి, "నీ ఆకు పైకి చదవరా. ఒక్క మాట తేడా వచ్చిందా, పంతులమ్మ సంగతి చూస్తా," అంది.

వాడు చదువుతుంటే తల్లి దుప్పి చుక్కకిచ్చిన ఆకుల మీద గిట్ట ఆనించి ఒక్కో మాటా సరిచూస్తూ పోయింది. ఒక్క మాటా పోలేదు. చివరి వాక్యం వాడు నోరు తెరవకముందే తనే చదివేసింది: "వాసన రాలేదంటే పులి లేదని కాదు."

తను చదవగలిగిందని తెలిసి ఉలిక్కిపడింది.

తిన్నగా బడికెళ్లి, ముళ్లపందిని ఎగాదిగా చూసింది.

"నేనూ ఈ బడిలోనే చదివాను. అప్పుడు ఈ ఆకులు ఎక్కడ దాచారు పంతులమ్మగారూ?"